దానంతటదే పడే మీట

3వ తేదీ, మంగళవారం

నన్ను ఈ చుట్టుపక్కల అందరూ ఎలకలమ్మ అంటారు. అసలు పేరు ఒకటి ఉంది కానీ దాంతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, అందుకని ఎలకలమ్మ అనే రాయమన్నాను. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నా మోకాళ్ళకే తెలుసు. ఇంట్లో ముగ్గురం: నేను, నా కొడుకు, నా కోడలు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఒక్క కన్నుతో రాస్తోంది. గీత ఎక్కడుందో సరిగ్గా ఆనడం లేదట, వరస పైకి ఎగబాకుతోందట. ఎగబాకనీ అన్నాను.

“నీకెందుకే ఈ కష్టం, ఇంకెవరిచేతైనా రాయిద్దాం” అంటే, “నా కన్ను గురించి ఇంకొకరు రాస్తే తప్పులు పడతాయి అత్తయ్యా” అంది. నన్ను నవ్వించడానికే అంది. నేను నవ్వలేదు.

ఎందుకు రాయిస్తున్నానంటే, తుపాకి కంపెనీవాళ్ళు ఏటా ఒక ఆదివారం షూటర్లందరినీ పిలిచి మీకేం కావాలో అడగండి అంటారు. ఈ ఏడు అది ఇరవై రెండో తారీకున. నోటితో చెబితే తలూపి, టీ ఇచ్చి పంపేస్తారని, వేలిముద్ర వేసి ఇద్దరు సాక్షులున్న కాగితమైతే తీసుకుని తీరాలని తుపాకుల దుకాణందారు ఎప్పుడో చెప్పాడు. ఆ కాగితంలో ఏముండాలో నాకింకా తేలలేదు. అందుకే ముందు నాకోసం నేను చెప్పుకుంటున్నాను. దీన్ని ఎవరికీ చూపించను. తిట్లు కూడా రాయమన్నాను. కోడలు రాయడం లేదు. నేను అంతసేపు తిడితే కలం అంత తక్కువ కదులుతుందా?

నాకు కావలసింది ఒకటే. కొత్త తుపాకిలోంచి తీసేసిన సేఫ్టీ మీట మళ్ళీ పెట్టాలి. దానంతటదే పడే మీట. మా గోదాముల యజమాని మిగతా గోదాముల్లో ఆడవాళ్ళకి కూడా ఆ కొత్త తుపాకులే తెప్పిస్తున్నాడు. అది వాళ్ళ చేతికొస్తే ఇంకో కన్ను పోతుంది. కన్నుతో పోతే అదృష్టమే.

4వ తేదీ, బుధవారం

ధాన్యం గోదాములో ఎలకలకి మందు పెట్టకూడదు. మందు గింజల్లో కలుస్తుంది. పైగా మందు తిన్న ఎలక బస్తాల మధ్యలోకి దూరి చస్తుంది, ఆ కంపు బస్తాలన్నీ దింపితే గానీ పోదు. పిల్లిని పెడితే అది బలిసి పడుకుంది. అందుకే నన్ను పెట్టుకున్నారు. ఎయిర్‌గన్నుతో ఎలకల్ని కొట్టడం నా పని. పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టాను, మొగుడు పోయాక దాంతోనే కొడుకుని పెంచాను. నా చూపు మందగించాక కోడలు తుపాకి అందుకుంది. నేను తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని చచ్చినవాటిని బకెట్లో వేస్తాను.

ఈ పనిలో కాల్చడం తక్కువ, కూర్చోవడం ఎక్కువ. తుపాకి గొట్టం కిందికి వంచాలి. గుండు పెట్టాలి. మూయాలి. ఇక ఎలక వచ్చేదాకా ఎదురుచూడాలి. అంతసేపూ చేతిలో పట్టుకుంటే భుజం పడిపోతుంది, చెయ్యి వణికి గురి పోతుంది. కాబట్టి తుపాకిని బస్తాలకి ఆనించి పెడతాం. గుండు లోపలే ఉంటుంది. గోదాముల్లో పనిచేసే ఆడవాళ్ళందరం అలాగే పెడతాం. నేర్పింది నేనే, సరిగ్గానే నేర్పాను.

ఎందుకు సరైనదంటే, పాత తుపాకిలో గొట్టం వంచగానే సేఫ్టీ మీట దానంతటదే పడేది. టిక్ మని చిన్న చప్పుడు. ఆ మీట పడ్డాక ట్రిగ్గరు మీద ఏనుగు కూర్చున్నా గుండు కదలదు. ఎలక కనబడ్డాక తుపాకి ఎత్తి, బొటనవేలితో మీట ముందుకు తోసి, అప్పుడు కొట్టాలి. నా చేతులు అలా పెరిగాయి. కోడలి చేతులకీ అదే నేర్పాను.

పాత తుపాకి స్ప్రింగు పోయింది. ఆ రకం స్ప్రింగులు కంపెనీ చెయ్యడం మానేసిందన్నారు. మా వాడు కొత్తది తెచ్చి పెళ్ళానికి బహుమతిగా ఇచ్చాడు. నున్నగా, తేలిగ్గా, చూడముచ్చటగా ఉంది. దానికీ మీట ఉంది. కానీ మనం వేస్తే పడుతుంది. వెయ్యకపోతే లేదు.

పోయిన నెల ఒక రోజు మధ్యాహ్నం కోడలు ఎప్పటిలాగే గొట్టం వంచి, గుండు పెట్టి, మూసి, బస్తాలకి ఆనించింది. బస్తాల మూతి కుట్టిన పురికొస చివర్లు వేలాడుతూ ఉంటాయి. వెనకాల ఏదో అలికిడైంది. గొట్టం పట్టుకుని తుపాకిని తన వైపు లాక్కుంది. పురికొస ట్రిగ్గరుకి తగులుకుంది. కొత్త తుపాకి ట్రిగ్గరు పురికొసకి కూడా లొంగిపోయేంత మెత్తన.

తుపాకి పేలిన చప్పుడు నాకు వినబడింది. కొత్త తుపాకి చప్పుడు కూడా చిన్నదే.

“పడిందా?” అని అరిచాను.

“పడిందా లేదా?” అని మళ్ళీ అరిచాను. బకెట్ తీసుకుని లోపలికి వెళ్ళాను.

చాలు, ఇవాళ్టికి ఆపెయ్ అన్నాను.

6వ తేదీ, శుక్రవారం

కట్టు మార్చారు. చెప్పడానికేమీ లేదు.

7వ తేదీ, శనివారం

తుపాకుల దుకాణానికి వెళ్ళాను. దుకాణందారు నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. కోడలి గురించి అడిగాడు, నొచ్చుకున్నాడు, టీ తెప్పించాడు. మంచివాడే. మంచివాళ్ళతోనే చిక్కు, తిట్టడానికి నోరు రాదు.

“మీట ఎందుకు తీశార్రా?” అన్నాను.

“తియ్యలేదు పెద్దమ్మా. ఉంది. మనం వేసుకోవాలి, అంతే. దానంతటది పడటమే తీసేశారు.”

“అదే, ఎందుకు తీశారు?”

“షూటర్లు అడిగారు. ఈ కంపెనీవాళ్ళలాంటి వాళ్ళని నేను చూళ్ళేదు పెద్దమ్మా. అడగడమే ఆలస్యం, చేసేస్తారు. ట్రిగ్గరు గట్టిగా ఉంది అన్నారు, మెత్తన చేశారు. చప్పుడెక్కువ అన్నారు, తగ్గించారు. ఎడమచేతి వాళ్ళకి ఇబ్బంది అన్నారు, వాళ్ళకి భుజానికి ఆనించే కట్టె మార్చి ఇంకో రకం తెచ్చారు. ప్రతి గుండుకీ ఆ మీట తొయ్యాలంటే విసుగు అన్నారు. తీసేశారు. మిగతా కంపెనీలు చూడు, పదేళ్ళు మొత్తుకున్నా స్క్రూ మార్చరు.”

“ఎవరా షూటర్లు?”

“క్లబ్బులవాళ్ళు. పోటీలకెళ్ళేవాళ్ళు.”

“నేను షూటర్ని కానా?”

అతను చేతిలో గుడ్డతో గల్లాపెట్టె తుడవడం మొదలుపెట్టాడు. “నువ్వు ఎలకల్ని కొడతావు కదా పెద్దమ్మా.”

“ఎలక్కి వంద చుట్లు గీసి మధ్యలో బొట్టు పెడితే అప్పుడవుతానా షూటర్ని? నీ కాగితం బొమ్మ కదలకుండా నిలబడుతుంది రా. నా ఎలక నిలబడుతుందా?”

“నేనా తీసింది? నామీదెందుకు పడతావు? ఇరవై రెండున వాళ్ళొస్తారుగా, వాళ్ళనడుగు. వింటారు. వినడంలో వాళ్ళ తరవాతే ఎవరైనా.”

టీ తాగలేదు. తాగలేదని కూడా రాయి.

9వ తేదీ, సోమవారం

మా వాడి గురించి చెప్పాలి. చెప్పకపోతే వాణ్ణి కావాలని వదిలేశాననుకుంటారు. ఎవరనుకుంటారు, దీన్ని చదివేదెవరు? అయినా చెబుతాను.

గోదాములో నా ఒళ్ళో కూర్చుని తుపాకి పట్టడం నేర్చుకున్నాడు. ఎలక ఎటు పరుగెత్తబోతోందో నాకంటే ముందు వాడికి తెలిసేది. పెద్దయ్యాక క్లబ్బులో చేరాడు, పోటీల్లో గెలిచాడు. గోడకి కొట్టిన మేకులు పతకాలకి చాలడం లేదు. కంపెనీవాళ్ళు వాణ్ణి తమ మనిషి అంటారు. నీలం చొక్కా ఇచ్చారు, జేబు మీద వాళ్ళ గుర్తు ఉంటుంది. వాడి మీద వీడియో కూడా తీశారు. నిరుడు ఇంట్లో టీవీలో పెట్టి చూపించాడు, వీధిలో వాళ్ళనందర్నీ పిలిచాం, వాకిట్లోకి కూడా కుర్చీలు వేశాం. వాడేం మాట్లాడాడో నాకిప్పుడు గుర్తు లేదు. చొక్కా మాత్రం బాగా నప్పింది. ముందు చప్పట్లు కొట్టింది నేనే.

కోడలు కలం ఆపింది. ఏమిటే అంటే కన్ను నీరు కారుతోంది అంది. కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టాం.

ఈ మధ్య వాడు అంట్లు తోముతున్నాడు. పెళ్ళాం బట్టలు ఉతుకుతున్నాడు. వద్దంటే వినడు. క్లబ్బుకి వెళ్ళడం మానేశాడు. నిన్న నేను వాణ్ణి సాయం అడిగాను.

“ఆ కంపెనీవాళ్ళు నీ మాట వింటారుగా. నువ్వు చెప్పరా, మీట మళ్ళీ పెట్టమని.”

“ఇప్పుడెందుకమ్మా ఇదంతా?”

“ఇప్పుడు కాకపోతే రెండో కన్ను పోయాకా?”

“అమ్మా, ఊరుకో.”

“అది నీకు పెళ్ళాం రా. నీళ్ళ బిందె పగిలినట్టు మాట్లాడతావేం?”

గిన్నె కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. వాడికి పెళ్ళామంటే ప్రాణం. అందుకే ఆ మాట ఎత్తితే తట్టుకోలేకపోతున్నాడు. మగవాళ్ళు కొందరు అంతే, బాధ ఎక్కువైతే నోరు మూతపడుతుంది.

11వ తేదీ, బుధవారం

కాగితం ఎలా మొదలుపెట్టాలో తేలింది. మొదటి మాటే ఇలా ఉండాలి: మీట తీసెయ్యమని అడిగిన షూటరు ఎవరో పేరుతో సహా చెప్పండి, వాడి ముందు నా కోడల్ని నిలబెడతాను.

“అది వద్దు అత్తయ్యా” అంది కోడలు.

“ఎందుకు వద్దు?”

“మీట పెట్టండి అని అడుగుదాం. ఎవరు తియ్యమన్నారో మనకెందుకు?”

“నీది మెత్తని మనసు. అందుకే అందరూ తొక్కుతున్నారు. రాయి.”

రాసింది. రాసినట్టే ఉంది.

14వ తేదీ, శనివారం

ఇవాళ పక్క గోదాముకి వెళ్ళాను. కొత్త తుపాకులు వచ్చేశాయి. అట్టపెట్టెలు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాయి. అక్కడ ఎలకలు కొట్టే మనిషిని చెరుకు అంటారు, సన్నగా పొడుగ్గా ఉంటుందని. దానికి కూడా తుపాకి పట్టడం నేర్పింది నేనే. బస్తాల వరస చివర కూర్చుని ఉంది. నన్ను చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

“చూశావా పెద్దమ్మా, ఎంత తేలికో! పాతది మోసి మోసి నా భుజం గూడు జారిపోయింది.”

గొట్టం వంచింది, గుండు పెట్టింది, మూసింది. బస్తాలకి ఆనించింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“మీట వేశావా?”

“అది దానంతటదే పడుతుందిగా.”

“పడదే! చెప్పలేదూ నీకెవరూ? మా పిల్ల కన్ను ఎలా పోయిందనుకుంటున్నావు?”

దాని మొహంలో నవ్వు పోయింది. “నీ కోడలు జారిపడితే పేలిందన్నారు మేనేజరు గారు.” తుపాకి వైపు చూసి, నా వైపు చూసింది. “అయినా, ఆనించి పెట్టమని నేర్పింది నువ్వేగా పెద్దమ్మా.”

నేర్పింది నేనే, సరిగ్గానే నేర్పాను. ఆ మాటే దానితోనూ అన్నాను.

మేనేజరు లోపలి గదిలో ఫ్యాను కింద ఉన్నాడు. గొంతు పెద్దది చేసుకుని అరిచాను. అతను అరవలేదు. “కంపెనీ పుస్తకంలో మీట వేసుకోవాలని రాసి ఉందమ్మా. మీ కోడలు చూసుకోలేదు. పాపం, ఏం చేస్తాం” అన్నాడు. మాలో చదువొచ్చిన దాన్ని ఒక్కదాన్నే చూశాను, ఇప్పుడు దానికి ఒక కన్నే ఉంది అన్నాను. అతను ఫ్యాను వేగం పెంచాడు.

తిరిగి వస్తూ చెరుకు దగ్గర ఆగి, “ప్రతిసారీ ‘మీట’ అని పైకి అనుకుంటూ ఉండు. అనకుండా ఆనించకు” అని చెప్పాను. నేను తలుపు దాటేదాకా అది మీట, మీట అంటూనే ఉంది. ఆ తరవాత అందో లేదో తెలీదు.

15వ తేదీ, ఆదివారం

కంపెనీ స్పందించింది. అదే మాట వాడాడు మా వాడు, మొహం కాస్త వెలిగించుకుని వచ్చి. “అమ్మా, వాళ్ళు స్పందించారు” అని పెద్ద అట్టపెట్టె బల్ల మీద పెట్టాడు. విప్పితే కళ్ళజోళ్ళు. దళసరి గాజువి, పక్కల మూతలున్నవి. ఇకమీదట ప్రతి తుపాకితోనూ ఒకటి ఊరికే ఇస్తారట. మావాడు జరిగింది వాళ్ళకి చెప్పాడట, వారం తిరక్కుండా చేశారట.

“ఎంత త్వరగా!” అన్నాను.

“చూశావా? వాళ్ళు వింటారమ్మా.”

కోడలు ఒక జోడు తీసుకుని పెట్టుకుంది. కట్టు మీద సరిగ్గా కూర్చోలేదు. ఓ పక్కకి వాలింది. దాన్ని అలా పెట్టుకునే, “బాగుందా?” అని మొగుణ్ణి అడిగింది. వాడు నీళ్ళ గదిలోకి వెళ్ళి పంపు తిప్పాడు. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి.

18వ తేదీ, బుధవారం

ఇవాళ ఈ ఒక్క ముక్కే. కోడలికి తలనొప్పి.

20వ తేదీ, శుక్రవారం

కాగితం తయారైంది. కోడలు రెండుసార్లు చదివి వినిపించింది. ఎవరడిగారో చెప్పండి అన్న మాట అందులో లేదు. లేదేం అన్నాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు అత్తయ్యా అంది. నోటితో అడుగుతాలే అన్నాను. నోరెక్కడికి పోయింది?

వేలిముద్ర సభలో అందరి ముందూ వేస్తాను. సాక్షి సంతకాలు కోడలూ కొడుకూ పెడతారు. వాడు వస్తానన్నాడు. రాక తప్పదు వాడికి, ఎలాగూ కంపెనీవాళ్ళు పిలిచారు.

22వ తేదీ, ఆదివారం

పొద్దున్నే వెళ్ళాం. పెద్ద హాలు, కుర్చీలకి తెల్ల గుడ్డలు. గోడ పొడుగునా తుపాకులు, ఒక్కోదాని కింద ఒక్కో చీటీ. కోడలు చదివి చెప్పింది: “మీరడిగారు, మేం చేశాం” అని ప్రతి చీటీ మీదా రాసి ఉందట. అందరూ మగవాళ్ళే. మావాడు నీలం చొక్కాలో వేదిక పక్కన నిలబడ్డాడు. మా దగ్గరకొచ్చి కూర్చోలేదు.

కంపెనీ తరఫున ఒక తెల్లచొక్కా ఆయన వచ్చాడు. మెత్తటి గొంతు. పక్కన ఒకమ్మాయి ప్రతి మాటా టైపు కొడుతోంది. ఒకడు లేచి భుజానికి తగిలించుకునే పట్టీ గీరుకుంటోందన్నాడు. తప్పకుండా సార్ అన్నాడు ఆయన. ఇంకొకడు కట్టె నల్లరంగులో కావాలన్నాడు. వచ్చే ఏడాదికి ఉంటుంది సార్. ఒకడు ట్రిగ్గరు ఇంకాస్త మెత్తగా కావాలన్నాడు. చూస్తున్నాం సార్. అడిగినవాడల్లా ఉబ్బిపోయి కూర్చుంటున్నాడు. దుకాణందారు అబద్ధం చెప్పలేదు. అలా వినేవాళ్ళని నేనూ చూడలేదు. నాకు ధైర్యం వచ్చింది.

లేచాను. కోడల్ని లేపి నిలబెట్టాను. దాని కట్టు చూసి హాలు సద్దుమణిగింది.

నేను చెప్పాల్సింది చెప్పాను. పురికొస గురించి, ఆనించడం గురించి, పాత మీట గురించి. ఆయన మధ్యలో ఒక్కమాట అడ్డు రాలేదు. అయ్యాక చేతులు జోడించాడు.

“అమ్మా, మీ కోడలికి జరిగినదానికి మా అందరికీ చాలా బాధగా ఉంది. అందుకే కళ్ళజోళ్ళు మొదలుపెట్టాం.”

“కళ్ళజోడు కాదు నాయనా. మీట. మళ్ళీ పెట్టండి.”

“ఆ మార్పు మా అంతట మేం చెయ్యలేదమ్మా. షూటర్లు అడిగారు.”

“అదే నేనూ అడుగుతున్నా. ఎవరడిగారు? వాణ్ణి చూపించండి.”

కొంగు పట్టుకుని కోడలు నన్ను వెనక్కి లాగింది. నేను విదిలించుకున్నాను.

ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం. “మీకు తెలీదా అమ్మా?” అన్నాడు. ఎగతాళి కాదది. పైగా నన్ను సంతోషపెట్టబోతున్నట్టు ఉన్నాడు. అమ్మాయికి ఏదో చెప్పాడు. తెర మీద బొమ్మ పడింది.

మా వాడు. నీలం చొక్కా. ఆ చొక్కా నాకు తెలుసు. ఆ బొమ్మ నాకు తెలుసు.

“మా అమ్మ నాకు తుపాకి పట్టడం నేర్పింది” అంటున్నాడు తెరమీద. “ఆ పాత పద్ధతిలో ప్రతి గుండుకీ ముందు బొటనవేలితో మీట తొయ్యాలి. ఆ చిన్న కదలికకే గురి చెదురుతుంది. పోటీలో అదే గెలుపూ ఓటమీ. అది దానంతటదే పడకుండా చేస్తే చాలు. మనకి తెలుసుగా ఏం చేస్తున్నామో.”

అక్కడే నేను చప్పట్లు కొట్టింది. మా వాకిట్లో, వీధంతా కూర్చుని ఉండగా. ‘మా అమ్మ నాకు నేర్పింది’ అన్నచోట.

హాల్లో కూడా కొందరు చప్పట్లు కొట్టారు. అలవాటుగా కొట్టేశారు, తరవాత చేతులు దించుకున్నారు.

కోడలి వైపు చూశాను. అది తెర వైపు చూడటం లేదు. సంగతి మొదటిసారి తెలుసుకుంటున్న మనిషి అలా తల దించుకోదు.

“సరే” అన్నాను. “వాడు అడిగితే తీశారు. నేను అడుగుతున్నా, పెట్టండి.”

“అలా ఒక్కరి కోసం చెయ్యలేం కదమ్మా. ఇక్కడున్న వాళ్ళనే అడుగుదాం.” హాలు వైపు తిరిగాడు. “మీట మళ్ళీ దానంతటదే పడాలని కోరుకునేవాళ్ళు చెయ్యెత్తండి. మాకు మీ మాటే ముఖ్యం.”

నేను ఎత్తాను. కోడలు ఎత్తింది. వెనకాల ఎవరో ముసలాయన సగం ఎత్తి, పక్కవాణ్ణి చూసి మెడ గోక్కున్నాడు. గోదాముల ఆడవాళ్ళలో ఒక్కరిని కూడా అక్కడికి పిలవలేదు. వాళ్ళని ఎవరు పిలుస్తారు, వాళ్ళు ఎలకల్ని కొడతారు కదా.

నేను మా వాడి వైపే చూస్తున్నాను. వేదిక పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. నా కళ్ళలోకి చూశాడు. చెయ్యి లేవలేదు.

“ధన్యవాదాలు” అన్నాడు తెల్లచొక్కా ఆయన. అమ్మాయి టైపు కొట్టింది. తరవాత ఇంకొకాయన లేచి, తుపాకి సంచికి ఇంకో జేబు కావాలన్నాడు.

కాగితం ఇవ్వలేదు. మడిచి రొంటిన పెట్టుకుని వచ్చేశాను.

23వ తేదీ, సోమవారం

మా వాడు రాత్రి ఇంటికి రాలేదు. క్లబ్బులో పడుకున్నాడని కబురు పంపాడు.

“నీకెప్పుడు తెలుసు?” అన్నాను కోడలితో. దీన్ని కూడా రాయి అన్నాను. రాస్తోంది.

“ఆస్పత్రిలో. మందు మత్తు వదలగానే ఆయనే చెప్పారు. మంచం పట్టె పట్టుకుని ఏడ్చారు. అమ్మకి చెప్పకు, తట్టుకోలేదు అన్నారు.”

“నిరుడు వీడియో చూశావుగా. అప్పుడు తెలియలేదూ?”

“మీట అంటే ఆ మీట అని నాకు తట్టలేదు అత్తయ్యా. పోటీల సంగతి అనుకున్నా. మనది పోటీ కాదుగా.”

“మరి ఇన్నాళ్ళూ ఎవడో పరాయి షూటర్ని నేను తిడుతుంటే రాస్తూ కూర్చున్నావు.”

“తిట్లు రాయలేదుగా” అంది.

అప్పుడు నవ్వాను. ఇద్దరం నవ్వాం. నవ్వితే కట్టు కింద నొప్పి పుట్టి చేత్తో పట్టుకుంది.

తరవాత అన్నాను, “పాత కాగితం చింపెయ్. కొత్తది రాద్దాం. నా కొడుకని రాద్దాం.”

“అలా రాస్తే కంపెనీవాళ్ళకి పండగే. తప్పంతా మీ ఇంట్లోదే అంటారు.”

“అనరా మరి? ఇది వాళ్ళ కోసం కాదే. వాళ్ళకి ఎన్ని చేతులు లేచాయో చాలు. ఇది గోదాముల్లో ఆడవాళ్ళకి చదివి వినిపించాలి. ఎవరో తీశారంటే వాళ్ళు నమ్మరు. నా కొడుకే తీయించాడంటే నమ్ముతారు. నమ్మితేనే చెయ్యి ఆగుతుంది.”

కాసేపు కలం నోట్లో పెట్టుకుని కూర్చుంది. “ఆయన గురించి ఇంకేమీ రాయకుండా, అంతవరకే రాద్దాం” అంది. సరే అన్నాను.

25వ తేదీ, బుధవారం

ఇదీ నేను చెప్పేది. గోదాముల్లో తుపాకి పట్టే ఆడవాళ్ళందరూ వినండి.

కొత్త తుపాకిలో మీట దానంతటదే పడదు. గొట్టం వంచినా పడదు. గుండు పెట్టినా పడదు. మీరు వెయ్యాలి. ‘మీట’ అని పైకి అనండి, వెయ్యండి, అప్పుడు ఆనించండి. గొట్టం పట్టుకుని మీ వైపు ఎప్పుడూ లాక్కోకండి. బస్తాల పురికొసలు కత్తిరించి గానీ కూర్చోకండి.

ఆ మీట తీసెయ్యమని కంపెనీని అడిగింది నా కొడుకు. వాడికి పోటీలో అడ్డమొచ్చింది. కంపెనీ వాడి మాట విన్నది. మన మాట వినడానికి మనల్ని షూటర్లు అనుకోలేదు. నా కోడలి కుడికన్ను పోయింది. ఆనించి పెట్టమని నేర్పింది నేనే.

కోడలు ఆగింది. నేనెప్పుడూ అనే మిగతా మాట కూడా చెబుతానేమోనని కలం ఎత్తి పట్టుకుంది. నేను చెప్పలేదు. దించింది.

మధ్యాహ్నం చెరుకు వచ్చింది. మొత్తం విన్నది. సాక్షిగా సంతకం పెట్టమంటే పెట్టింది, దానికి రాయడం వచ్చింది అదొక్కటే. “రేపటినుంచీ ఆ తుపాకే పట్టాలి పెద్దమ్మా, వద్దంటే వేరేదాన్ని పెట్టుకుంటాడు మేనేజరు” అంది. పట్టు, కానీ పైకి అను అన్నాను. దాని సంచిలో చిన్న కత్తెర చూపించింది.

సాయంత్రం మావాడు వచ్చాడు. నీలం చొక్కా లేదు, మామూలు చొక్కా వేసుకున్నాడు. గుమ్మంలోనే నిలబెట్టి, కోడలి చేత మొదటినుంచీ చివరిదాకా చదివించాను. దాని గొంతు ఎక్కడా తడబడలేదు. వాడు గుమ్మం చెక్కని గోటితో గీకుతూ విన్నాడు.

“ఇందులో తప్పేమైనా ఉందా?” అన్నాను.

“లేదమ్మా.”

“అయితే సంతకం పెట్టు.”

కలం అందుకున్నాడు. కాగితం మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. “నా వల్ల కాదమ్మా” అని కలం పెళ్ళాం ముందు పెట్టి, వంటగదిలోకి వెళ్ళి అంట్లు ముందేసుకుని కూర్చున్నాడు.

నేను వేలిముద్ర వేశాను. సిరా బాగానే అంటింది కానీ ముద్రలో గీతలు లేవు, నున్నటి నల్ల మచ్చ పడింది. ఇదేమిటి, మళ్ళీ వెయ్యండి అత్తయ్యా అంది కోడలు. మళ్ళీ వేసినా అంతే. ఆ మీట తోసి తోసి గీతలు ఏనాడో అరిగిపోయాయి. అదే నా గుర్తు, ఉండనీ అన్నాను.

ఎలకలమ్మ, కుడి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
కోడలు. ఇది రాసింది ఆమే.
చెరుకు, పక్క గోదాము.
కొడుకు. విన్నాడు. సంతకం పెట్టలేదు.